మామూలు పరీక్షకు దొరకని పురుగు

విరేచనాలు మనకు కొత్త కాదు. వానాకాలం వచ్చిందంటే ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరికి పట్టుకుంటాయి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగిస్తాం. గంజి పోస్తాం. మూడు నాలుగు రోజులకు తగ్గిపోతాయి. మళ్ళీ పనిలో పడతాం.

కాని అందరికీ అలా తగ్గవు. కొందరికి వారం దాటినా తగ్గవు. నెల దాటినా తగ్గవు. తిన్నది ఒంటికి పట్టదు. మనిషి చిక్కి సగమవుతుంది. ఆసుపత్రికి పోతే మలం పరీక్ష చేస్తారు. "ఏమీ లేదు" అని కాగితం చేతిలో పెడతారు.

ఏమీ లేకపోతే మనిషి ఎందుకు ఎండిపోతోంది?

ఏదో ఉంది. అది మామూలు పరీక్షకు దొరకలేదు. దొరకాలంటే వేరే పరీక్ష కావాలి. ఆ పరీక్ష ఏమిటో, ఎలా అడగాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒంట్లో కాపలా

పంట చేనుకు కాపలా ఉంటుంది. అలాగే మన ఒంటికీ కాపలా ఉంది. దాన్నే రోగనిరోధక శక్తి అంటారు. రోగాన్ని ఎదిరించే బలం అన్నమాట. ఈ కాపలా పని చేసేది మన రక్తంలోని తెల్ల కణాలు.

కాపలా గట్టిగా ఉంటే పురుగు లోపలికి వచ్చినా ఎక్కువ రోజులు నిలవదు. కాపలా తగ్గితే వచ్చిన పురుగు అక్కడే కాపురం పెడుతుంది.

కాపలా ఎవరికి తగ్గుతుంది?

హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడని వారికి తగ్గుతుంది. క్యాన్సరుకు మందులు ఎక్కించుకునే వారికి తగ్గుతుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్న వారికి తగ్గుతుంది. స్టీరాయిడ్ మందులు చాలా కాలం వాడే వారికి తగ్గుతుంది. తిండి చాలక బక్కచిక్కిన పసిపిల్లలకూ తగ్గుతుంది.

ఇలాంటి వారికి విరేచనాలు పట్టుకుంటే తేలిగ్గా తీసుకోరాదు.

పురుగు పేరు

దీని పేరు క్రిప్టోస్పోరిడియం.

పేరు పెద్దది. విడదీసి చదవండి: క్రిప్ - టో - స్పో - రి - డి - యం.

పురుగు అంటున్నాం గాని, ఇది ఏలికపాము లాంటిది కాదు. ఏలికపాము మలంలో పడితే కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించదు. దీని ఒళ్ళంతా ఒకే ఒక కణం. దీని గింజలు వరసగా 200 పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. అంటే మన స్కేలు మీద అతి చిన్న గీతకూ, దాని పక్క గీతకూ మధ్య 200 గింజలు పడతాయి.

ఇది పేగు గోడను పట్టుకుని బతుకుతుంది. అక్కడే పెరుగుతుంది. గింజలు పెడుతుంది. ఆ గింజలు మలంతో బయటకు వస్తాయి. మలం నీళ్ళలో కలిస్తే గింజలూ నీళ్ళలో కలుస్తాయి. ఆ నీళ్ళు తాగినవారి కడుపులోకి పోతాయి. మనుషుల మలంలోనే కాదు, లేగదూడల పేడలో కూడా ఈ గింజలు ఉంటాయి. పేడ తీసి చేతులు కడగకుండా అన్నం తింటే నోట్లోకి పోవచ్చు.

పది గింజలు లోపలికి పోయినా చాలు, రోగం రావచ్చు. వారం రోజుల్లో నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. వాంతులు కావచ్చు. కొద్దిపాటి జ్వరం రావచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవారికి ఒకటి రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. కాపలా తగ్గినవారికి నెలల తరబడి సాగుతుంది. ఒంట్లో నీరంతా పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

చెల్లెలు, నర్సమ్మ మాట్లాడుకున్నారు

ఒక ఊళ్ళో ఇలా జరిగిందనుకుందాం. ఒక చెల్లెలు నర్సమ్మ ఇంటికి వచ్చింది. నలుగురిలో చెప్పుకోలేని సంగతి. అందుకే పొద్దుపోయాక వచ్చింది. ఇద్దరి మాటలూ చదవండి.

చెల్లెలు: నర్సమ్మా, మా అక్క సంగతి మీకు తెలుసు గదా. ఆరు వారాలుగా విరేచనాలు తగ్గడం లేదు. రోజుకు పదిసార్లు పోతోంది. లేచి నిలబడలేకపోతోంది.

నర్సమ్మ: ఎక్కడ చూపించారమ్మా?

చెల్లెలు: ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర. రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. సూదులు వేశాడు. ఆ రోజు కాస్త తేరుకుంటుంది. మర్నాడు మామూలే. టౌనులో మలం పరీక్ష కూడా చేయించాం. అందులో ఏమీ లేదన్నారు.

నర్సమ్మ: అక్కకు హెచ్.ఐ.వి. ఉందని అక్కడ చెప్పారా?

చెల్లెలు: లేదమ్మా. ఎలా చెబుతాం? ఎవరికైనా తెలిస్తే పరువు పోదా?

నర్సమ్మ: ఏ.ఆర్.టి. మందులు సరిగ్గా వేసుకుంటోందా?

చెల్లెలు: నాలుగు నెలల కింద మానేసింది. కూలికి పోతే మందులకు పోవడం కుదరలేదు. ఇప్పుడు వేసుకోమంటే, ఆ బిళ్ళల వల్లే విరేచనాలు అంటోంది.

నర్సమ్మ: చూడు తల్లీ. బిళ్ళలు మానేసింది నాలుగు నెలల కింద. విరేచనాలు మొదలైంది ఆరు వారాల కింద. మానేసిన బిళ్ళలు విరేచనాలు ఎలా తెస్తాయి? మందు మానేస్తే కాపలా తగ్గింది. కాపలా తగ్గితే పురుగు దూరింది.

చెల్లెలు: మరి పరీక్షలో ఏమీ లేదన్నారు గదా?

నర్సమ్మ: వాళ్ళు చూసింది మామూలు పురుగుల కోసం. దీని కోసం చూడలేదు. డాక్టరు ఫలానా పురుగు కోసం చూడండి అని రాస్తేనే ల్యాబులో చూస్తారు. అక్క జబ్బు సంగతి తెలియకపోతే డాక్టరు అలా ఎందుకు రాస్తాడు?

చెల్లెలు: అయితే చెప్పక తప్పదా?

నర్సమ్మ: ఊరంతా చెప్పక్కర్లేదు. డాక్టరుకు చెప్పాలి. ఆయన ఆ సంగతి బయట పెట్టకూడదు. 2017లో హెచ్.ఐ.వి. చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. జబ్బు సంగతి మనిషి అనుమతి లేకుండా బయట పెట్టడం తప్పు. వైద్యం చేయం పొమ్మనడం కూడా తప్పు.

చెల్లెలు: రేపే తీసుకుపోతాను. మీరూ వస్తారా అమ్మా?

నర్సమ్మ: వస్తాను. ఏ.ఆర్.టి. కేంద్రానికి పోదాం. అక్క పాత కార్డు, పాత రిపోర్టులు అన్నీ పట్టుకురా. అప్పటిదాకా ఉప్పు చక్కెర నీళ్ళు ఆపకు.

మామూలు పరీక్షకు ఎందుకు దొరకదు?

మామూలు పరీక్షలో ఏం చేస్తారు? మలం కాస్త తీసుకుని గాజు పలక మీద పెడతారు. దాని మీద ఒక చుక్క ఉప్పునీరో, అయోడిన్ నీరో వేస్తారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. ఏలికపాము గుడ్లు, కొంకిపురుగు గుడ్లు, జిగట విరేచనాలు తెచ్చే అమీబా ఇలా దొరుకుతాయి.

క్రిప్టోస్పోరిడియం గింజ చాలా చిన్నది. గుండ్రంగా ఉంటుంది. మలంలో ఉండే బూజు కణాల్లో కలిసిపోతుంది. బియ్యంలో తెల్లరాయి కలిసినట్టు. చూసినా గుర్తుపట్టడం కష్టం.

అందుకని దీనికి రంగు పరీక్ష చేస్తారు.

క్షయ రోగానికి కళ్ళె పరీక్ష చేస్తారని మనకు తెలుసు. అందులో ఒక ఎర్ర రంగు వాడతారు. అదే పద్ధతిని కొంచెం మార్చి ఇక్కడా వాడతారు. మలాన్ని గాజు పలక మీద పలచగా పూస్తారు. ఆరబెడతారు. ఎర్ర రంగు పోస్తారు. తరువాత పలచటి యాసిడ్‌తో కడుగుతారు. చివర నీలం రంగో, ఆకుపచ్చ రంగో వేస్తారు.

యాసిడ్‌తో కడిగినప్పుడు మిగతావన్నీ ఎర్ర రంగును వదిలేస్తాయి. ఈ గింజలు మాత్రం వదలవు. అందుకని నీలం పొలంలో ఎర్ర గింజలు చల్లినట్టు కనిపిస్తాయి. ఇక బూజు కణమా, పురుగు గింజా అనే అనుమానం తీరిపోతుంది.

ఈ రంగు పరీక్షలో ఇంకో లాభం ఉంది. ఇలాంటి రోగమే తెచ్చే పురుగులు మరో రెండు ఉన్నాయి. ఒకటి సైక్లోస్పోరా. ఇది గుండ్రంగానే ఉంటుంది గాని, సైజు దాదాపు రెండింతలు. రెండోది సిస్టోఐసోస్పోరా. ఇది ఇంకా పెద్దది, కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. మూడింటికీ ఎర్ర రంగు పడుతుంది. సైజు కొలిచి ఏది ఏదో చెబుతారు.

అంతకన్నా చిన్న పురుగు ఒకటుంది. దాని పేరు మైక్రోస్పోరిడియా. దానికి ఈ ఎర్ర రంగు పనికిరాదు. వేరే రంగు పరీక్ష చేయాలి. అందుకే డాక్టరుకు అన్ని సంగతులూ చెప్పాలి. అప్పుడే ఏ పరీక్ష రాయాలో ఆయనకు తెలుస్తుంది.

పెద్ద ఆసుపత్రుల్లో ఇంకా కొత్త పరీక్షలు కూడా ఉన్నాయి. మలంలో పురుగు ఆనవాళ్ళను పట్టే పరీక్ష ఒకటి. పురుగు జన్యువును పట్టే పి.సి.ఆర్. పరీక్ష ఇంకొకటి. చిన్న ఆసుపత్రిలో రంగు పరీక్ష కూడా లేకపోవచ్చు. అప్పుడు జిల్లా ఆసుపత్రికో, మెడికల్ కాలేజీ ఆసుపత్రికో చీటీ రాయించుకోవాలి.

మూడుసార్లు ఎందుకు?

పురుగు గింజలు రోజూ ఒకేలా బయటకు రావు. ఒకరోజు ఎక్కువ వస్తాయి. ఒకరోజు అసలు రాకపోవచ్చు. గింజలు రాని రోజు మలం ఇస్తే పరీక్షలో ఏమీ దొరకదు. అంతమాత్రాన రోగం లేదని కాదు.

అందుకని వేరు వేరు రోజుల్లో మూడుసార్లు మలం ఇవ్వాలి. ఒక్కసారి ఇచ్చి "ఏమీ లేదట" అని ఊరుకోరాదు.

మలం ఎలా ఇవ్వాలి?

చెప్పడానికి సిగ్గు పడతాం. కాని సరిగ్గా ఇవ్వకపోతే పరీక్ష పాడవుతుంది.

1. ఆసుపత్రిలో ఇచ్చిన డబ్బీనే వాడండి. పొడిగా, శుభ్రంగా ఉండాలి. మూత గట్టిగా పట్టాలి.

2. ముందు మూత్రానికి పోయి రండి. మలంలో మూత్రం కలవకూడదు. నీళ్ళు, మట్టి కలవకూడదు.

3. నేల మీద పడింది తీయవద్దు. శుభ్రమైన పొడి కాగితం మీదో, పాత్రలోనో పట్టి డబ్బీలో వేయండి.

4. డబ్బీ మీద పేరు, తేదీ, వేళ రాయండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు గదా. మనమే రాద్దాం.

5. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. నీళ్ళ విరేచనమైతే గంటలోపు ల్యాబుకు చేరాలి. ఇల్లు దూరమైతే ఆసుపత్రికి వెళ్ళి అక్కడే ఇవ్వడం మేలు.

6. కొత్త మందులు మొదలు పెట్టక ముందే మలం ఇవ్వడం మంచిది. ఇప్పటికే ఏవైనా బిళ్ళలు వాడుతుంటే చెప్పండి. వాడుతున్న ఏ.ఆర్.టి. మందులు మాత్రం పరీక్ష కోసం ఆపవద్దు.

7. తరువాత చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి.

పురుగు దొరికితే ఏం లాభం?

"ఏ పురుగైతే ఏమిటి? విరేచనాలు కట్టడానికి బిళ్ళ ఇస్తే చాలదా?" అని కొందరు అడుగుతారు. చాలదు. ఎందుకంటే ఒక్కో పురుగుకు ఒక్కో వైద్యం.

సైక్లోస్పోరా, సిస్టోఐసోస్పోరా దొరికితే కోట్రైమోక్సజోల్ బిళ్ళలతో తగ్గుతాయి. ఇవి ఖరీదైన మందులు కావు. ఎన్ని వేసుకోవాలో, ఎన్నాళ్ళు వేసుకోవాలో డాక్టరు చెబుతారు. నెలల తరబడి మంచంలో ఉన్న మనిషి ఈ బిళ్ళలతో లేచి తిరగవచ్చు. పరీక్ష చేయకపోతే ఆ సంగతే తెలియదు.

క్రిప్టోస్పోరిడియం దొరికితే సంగతి వేరు. కాపలా తగ్గినవారిలో దీన్ని గ్యారంటీగా చంపే మందు లేదు. కాపలాను మళ్ళీ పెంచడమే దీనికి అసలైన వైద్యం. హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఆ పని చేసేవి ఏ.ఆర్.టి. మందులే.

రక్తపరీక్షలో సిడి4 అని ఒక లెక్క రాస్తారు. అది కాపలా కణాల లెక్క. ఆరోగ్యవంతులకు అది 500కు పైన ఉంటుంది. 200 కన్నా తగ్గితే ప్రమాదం. 100 కన్నా తగ్గినవారిని ఈ పురుగు వదలదు. మందులు సరిగ్గా వేసుకుంటే లెక్క పెరుగుతుంది. లెక్క పెరిగేకొద్దీ విరేచనాలు తగ్గుతాయి.

మన దేశంలో సర్కారు ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. 2017 నుంచి సిడి4 ఎంత ఉన్నా, హెచ్.ఐ.వి. ఉన్న అందరికీ ఇస్తున్నారు. మానేసిన వారు సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. మళ్ళీ వెళ్ళవచ్చు. సందేహం ఉంటే 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు.

స్టీరాయిడ్లు గాని, మూత్రపిండం మార్పిడి తరువాత ఇచ్చే మందులు గాని వాడేవారు వాటిని తమంతట తాము ఆపరాదు. తగ్గించాలో వద్దో డాక్టరే చూస్తారు.

రంగు పరీక్షలో ఏ పురుగూ దొరక్కపోతే? అప్పుడూ వెతకడం ఆపరాదు. పేగులకు క్షయ వచ్చినా విరేచనాలవుతాయి. డాక్టరు ఇంకా పరీక్షలు రాస్తారు.

ఈ పురుగు సంగతి ఎప్పుడు తెలిసింది?

1907లో టిజర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీన్ని మొదట ఎలుకలో చూశాడు. ఇది మనుషులకు వస్తుందని చాలా కాలం ఎవరికీ తెలియదు. 1976లో అమెరికాలో ఇద్దరు రోగుల్లో కనిపించింది. ఒకరు మూడేళ్ళ పాప. ఆ పాప ఇల్లు పశువులున్న పొలంలో ఉండేది. ఇంకొకరు కాపలా తగ్గించే మందులు వాడుతున్న మనిషి. ఆ మందులు ఆపాక ఆయన కోలుకున్నాడు.

అప్పట్లో పేగు ముక్క కోసి తీసి చూస్తేనే ఇది దొరికేది. 1981లో పశువైద్య శాస్త్రజ్ఞులు ఎర్ర రంగు పరీక్ష కనిపెట్టారు. లేగదూడల రోగం కోసం కనిపెట్టిన పరీక్ష మనుషులకూ పనికొచ్చింది. ఇక కోత అక్కర్లేకపోయింది.

1993లో అమెరికాలో మిల్వాకీ అనే నగరం ఉంది చూడండి, అక్కడ కుళాయి నీళ్ళలో ఈ పురుగు చేరింది. దాదాపు 4 లక్షల మంది జబ్బు పడ్డారు. ఎక్కువమంది కోలుకున్నారు. కాని 50 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎయిడ్స్ ఉన్నవారే. ఆ నీళ్ళు శుద్ధి చేసినవే. క్లోరిన్ కలిపినవే. క్లోరిన్‌కు ఈ పురుగు చావదు. అంత పెద్ద నగరంలో కూడా మొదట పురుగు ఏదో తెలియలేదు. దీని కోసమని వెతికాకే దొరికింది.

ఇంట్లో ఏం చేయాలి?

క్లోరిన్ బిళ్ళ వేసిన నీళ్ళే అని ధీమాగా ఉండవద్దు. నీళ్ళు మరగనివ్వాలి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే ఉంచితే పురుగు చస్తుంది. కాపలా తగ్గినవారికి కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వాలి.

ఒంట్లో నీరు పోకుండా ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. పాకెట్టు లేకపోతే ఇంట్లోనే కలపవచ్చు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయాలి. చెంచా తలకొట్టి కొలవాలి. కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. తిండి ఆపరాదు.

మూత్రం తగ్గినా, మగతగా పడి ఉన్నా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒక్క మాట బాగా గుర్తుంచుకోవాలి. హెచ్.ఐ.వి. కంచంలో తింటే రాదు. ముట్టుకుంటే రాదు. పక్కన పడుకుంటే రాదు. విరేచనాల పురుగు మాత్రం మలం అంటిన చేతుల వల్ల వస్తుంది. దానికి మందు సబ్బు, నీళ్ళు. మనిషిని వెలివేయడం కాదు. కంచం వేరు పెడితే పురుగు ఆగదు. మలం ఎత్తిన చేతులు కడిగితే ఆగుతుంది. సేవ చేసే చేతులు శుభ్రంగా ఉంటే సేవకు భయపడక్కర్లేదు.

గుర్తుంచుకుందాం

* రెండు వారాలు దాటిన విరేచనాలు మామూలువి కావు.
* ఒంట్లో కాపలా తగ్గించే జబ్బు ఉంటే డాక్టరుకు దాచవద్దు.
* "ఏమీ లేదు" అంటే, ఏ పరీక్ష చేశారో అడగాలి.
* రంగు పరీక్ష అడగాలి. మూడు రోజులు మలం ఇవ్వాలి.
* ఏ.ఆర్.టి. మందులు మానరాదు.

కొత్త మాటలు

రోగనిరోధక శక్తి: రోగాన్ని ఎదిరించే బలం
పరాన్నజీవి: మరో ప్రాణి ఒంట్లో చేరి దాని మీద బతికేది
సూక్ష్మదర్శిని: కంటికి కనపడని వాటిని పెద్దగా చూపే పరికరం
కణం: ప్రాణి ఒంట్లో అతి చిన్న భాగం

జవాబులు చెప్పండి

1. అక్క మలం పరీక్షలో మొదటిసారి పురుగు ఎందుకు దొరకలేదు?
2. ఏ.ఆర్.టి. బిళ్ళల వల్ల విరేచనాలు రాలేదని నర్సమ్మ ఎలా చెప్పింది?
3. మలం మూడుసార్లు ఎందుకు ఇవ్వాలి?
4. క్లోరిన్ వేసిన నీళ్ళు కూడా ఎందుకు కాచాలి?
5. మీ ఊళ్ళో ఎవరికైనా కంచం వేరు పెట్టారా? వాళ్ళింటికి వెళ్ళి మీరు ఏం చెబుతారు?

చీటీ రాయండి

ఆసుపత్రికి పోయినప్పుడు కంగారులో సగం సంగతులు మరిచిపోతాం. ముందే చీటీ రాసుకుంటే అన్నీ చెప్పవచ్చు. ఈ చీటీ చూసి, ఖాళీలు నింపి మీ పుస్తకంలో రాయండి.

డాక్టరు గారికి,
విరేచనాలు మొదలైన తేదీ ........
రోజుకు ........ సార్లు అవుతున్నాయి.
ఇప్పుడు బరువు ........ కిలోలు. అంతకుముందు ........ కిలోలు.
వాడుతున్న మందులు ........
మానేసిన మందులు ........ మానేసిన తేదీ ........
ఇంతకుముందు చేసిన పరీక్షలు ........
క్రిప్టోస్పోరిడియం కోసం రంగు పరీక్ష చేశారా? అవును / లేదు

చివరి వరస మరిచిపోకండి. ఆ ఒక్క ప్రశ్నతో రోగం దొరకవచ్చు.